ఛార్జరు ఆగిపోయిందా, ఆపేసిందా?

ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు రేకులతో మళ్లీ మళ్లీ నింపుకోగల బ్యాటరీ చేసేనాటికి, దాన్ని నింపడానికి ఛార్జరంటూ ఏదీ లేదు. పనికొచ్చే డైనమో ఇంకా రాలేదు. మళ్లీ నింపలేని బున్సెన్ సెల్స్ వరసగా కలిపి, వాటిని ఖాళీ చేసి దీన్ని నింపేవారు. వినడానికి వింతగా ఉన్నా తొలి ఛార్జింగ్ సర్క్యూట్ అదే. చెడిపోవడానికి అందులో తీగలు, సెల్స్ తప్ప మరేమీ లేవు. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్ద పూసిన పలకలు తెచ్చాడు, డైనమోలూ తోడయ్యాయి, బ్యాటరీ ప్రయోగశాల దాటి బజారుకొచ్చింది.

ఛార్జర్ల చరిత్రను కనిపెట్టినవాళ్ల పేర్లతో చెప్పడం మామూలే. మరమ్మతు చేసేవాడి వైపు నుంచి చూస్తే మాత్రం ప్రశ్న ఒక్కటే: బ్యాటరీ నిండిందని తేల్చేది ఎవరు? ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటే లోపాన్ని అక్కడ వెతకాల్సి వచ్చింది.

మొదట్లో అది మనిషి చేతిలోనే ఉండేది. డీసీ కరెంటు ఉన్న ఊళ్లలో బల్బులను బ్యాటరీతో సిరీస్‌లో పెట్టి ఛార్జి చేసేవారు. ఎక్కువ కరెంటు కావాలంటే ఆ బల్బులకు పారలల్‌గా ఇంకో బల్బు జోడించడమే. బల్బు వెలగలేదంటే ఎక్కడో తెగిందన్నమాట. ఎప్పుడు ఆపాలో యాసిడ్‌లో లేచే బుడగలు, హైడ్రోమీటరు చెప్పేవి. మన బ్యాటరీ షాపుల్లో ఇప్పటికీ మూత తీసి ‘గ్రావిటీ’ చూస్తారు కదా, ఆ అలవాటు అప్పటిదే. ఆ సిరీస్ బల్బు కూడా ఎక్కడికీ పోలేదు. మెకానిక్కు బల్ల మీద సిరీస్ బోర్డుగా మిగిలింది. అనుమానం ఉన్న ఛార్జరును నేరుగా కరెంటుకు పెట్టకుండా ముందు దాని ద్వారా పెడతారు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు మిగులుతుంది.

ఏసీ కరెంటు వ్యాపించాక దాన్ని డీసీగా మార్చడం కొత్త తలనొప్పి అయింది. పీటర్ కూపర్ హ్యూవిట్ 1902లో పాదరసపు రెక్టిఫయరు చేశాడు. ఆ తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ ఆర్గాన్ నింపిన టంగర్ బల్బు తెచ్చింది. బ్రిటన్‌లో రేడియో ఉన్న ఇళ్లవాళ్లు బ్యాటరీని మోసుకెళ్లి షాపులో ఛార్జికి ఇచ్చేవారు. 1930ల నుంచి సెలీనియం పలకలు వచ్చాయి. అవి కాలితే వచ్చే కంపును ఒకసారి పీల్చినవాడు మరిచిపోడు, పైగా అది విషం. తర్వాత సిలికాన్ డయోడు వచ్చి వీటన్నిటినీ పక్కకు నెట్టింది. అప్పటికి ఛార్జరంటే ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, ఒక అమ్మీటరు, అంతే. వేడి, వాసన, మోత తప్పును పట్టించేవి. పట్టించనిచోట మీటరు ఉంది: వేర్వేరు మీటర్లు మోయలేక విసిగిన బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరు డొనాల్డ్ మకాడీ ఆంపియరు, వోల్టు, ఓమ్ మీటర్లు మూడింటినీ ఒకే పెట్టెలో పెట్టించాక, 1923లో ఆవోమీటరు అమ్మకానికి వచ్చింది.

నికెల్ కాడ్మియం కాలంలో నిర్ణయం మెల్లగా సర్క్యూట్‌లోకి జారింది. ఈ సెల్ నిండగానే వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఆ తగ్గుదలను పసిగట్టి ఛార్జరు ఆగుతుంది. స్ప్రింగు మీద చిలుము పట్టి కాంటాక్టు వదులైనా ఛార్జరు దాన్నే ‘నిండింది’ అనుకుని ఆపేసేది. డయోడ్లన్నీ బాగున్నాయి, కానీ ఛార్జి ఎక్కలేదు. మరమ్మతు చేసేవాడికి ఈ రకం తప్పు కొత్త.

1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చాక ఇక మనిషి ఊహకు చోటులేదు. సాధారణ సెల్‌కు 4.2 వోల్టులు దాటకూడదు, ఒక శాతం తేడానూ ఖాతరు చేయాలి. అందుకే నిర్ణయం మొత్తం గోరంత చిప్పులోకి చేరింది. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోనూ దొరికే టీపీ4056 చిప్పునే తీసుకుందాం. సొంతంగా బోర్డు గీసుకునే కుర్రాళ్లు ఎక్కువగా వాడేది ఇదే.

దీని రెండో కాలు ప్రోగ్. దాన్నుంచి గ్రౌండుకు 1.2 కిలోఓమ్‌ల రెసిస్టరు పెడితే ఒక ఆంపియర్ ఛార్జి కరెంటు. బోర్డు ఛార్జి చేయడం లేదని ఎవరైనా తెస్తే మీటరు కొసను ముందు ఆ కాలు మీద పెట్టాలి. ఒక వోల్టు కనిపిస్తే చిప్పు పూర్తి కరెంటు పంపుతోంది. 0.1 వోల్టు దగ్గర ఉంటే బ్యాటరీ 2.9 వోల్టులకన్నా కిందికి దిగిపోయింది, చిప్పు దాన్ని జాగ్రత్తగా కొద్దికొద్దిగా లేపుతోంది. మధ్యలో ఎక్కడో ఉంటే బ్యాటరీ నిండబోతోంది, లేదా చిప్పే వేడెక్కి కరెంటు తగ్గించుకుంది. ఐదు వోల్టుల సప్లై, 3.2 వోల్టుల బ్యాటరీ, ఒక ఆంపియర్ కరెంటు ఉంటే 1.8 వాట్లు ఆ చిప్పులోనే వేడిగా పోవాలి. కిందున్న లోహపు పలకను బోర్డు రాగికి సోల్డరు చేయనివాళ్లు ‘ఛార్జింగ్ నెమ్మది’ అని వస్తారు.

ప్రోగ్ సున్నా అయితే టెంప్ కాలు చూడాలి. అక్కడి వోల్టేజి సప్లైలో 45 శాతం కన్నా తక్కువైనా, 80 శాతం దాటినా బ్యాటరీ వేడి సరిగా లేదనుకుని చిప్పు ఆపేస్తుంది. థెర్మిస్టరు వాడనివాళ్లు దాన్ని గ్రౌండుకు కలపాలి, గాలికి వదిలితే ఫలితం ఏమిటో చెప్పలేం. ఇంకొందరి బోర్డులో పచ్చలైటు ఎప్పటికీ వెలగదు. ఛార్జి కరెంటు పదోవంతుకు తగ్గితేనే చిప్పు ఆపుతుంది. బ్యాటరీ నుంచే బోర్డులోని మిగతా సర్క్యూట్ 150 మిల్లీఆంపియర్లు లాగుతుంటే అది ఎలా తగ్గుతుంది? చిప్పు మార్చి ప్రయోజనం లేదు, లోడ్‌ను వేరుచేయాలి. చిప్పు మార్చడం మన దగ్గర తొలి మందు అయిపోయింది, అది నాకు నచ్చదు.

ప్లగ్గులో తెలివి చేరాక బయటి తప్పులూ మొదలయ్యాయి. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులో టైప్-సి సాకెట్టులో, ఏం తగిలించారో ఛార్జరుకు చెప్పే రెండు సీసీ కాళ్లకు విడివిడిగా ఉండాల్సిన 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లకు బదులు రెండింటికీ ఒకటే పెట్టారు. మామూలు కేబుల్‌తో కరెంటు వచ్చేది. లోపల చిప్పున్న కేబుల్ పెడితే ఛార్జరు ఆ బోర్డును ఆడియో సాధనం అనుకుని కరెంటే ఇచ్చేది కాదు. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు. సొంత బోర్డుల్లో ఈ రెసిస్టర్లు అసలు పెట్టనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక కొసన టైప్-ఎ ఉన్న పాత కేబుల్‌తో పరీక్షించి బాగుందంటారు, రెండు కొసలా టైప్-సి ఉన్న కొత్త కేబుల్‌తో వాడేవాడు తిరిగి తెస్తాడు.

ఇప్పుడు నిర్ణయంలో సాఫ్ట్‌వేరుకూ వాటా వచ్చింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వారి బీక్యూ25895 ఛార్జింగ్ చిప్పుకు ఛార్జి కరెంటు ఎంతో ప్రాసెసరు చెప్పాలి. చెప్పి ఊరుకుంటే చాలదు. 40 సెకన్లలో మళ్లీ పలకరింపు రాకపోతే అది తన సొంత అంకెకు, అంటే 2048 మిల్లీఆంపియర్లకు తిరిగిపోతుంది. చిన్న బ్యాటరీకి 500 అని పెట్టి, మీటరులో 500 చూసి, బాగుందని బల్ల మీంచి లేచిపోయినవాడికి ఆ తర్వాత బ్యాటరీ ఎందుకు ఉబ్బిందో ఎంత తిప్పి చూసినా రాగిలో, సోల్డరులో కనబడదు. కోడ్‌లో ఆ పలకరింపు పంపే వరస ఎక్కడ తప్పిపోయిందో వెతకాలి.