నూట ఐదు

చర్యాత్మక పరిశోధన అనే మాట బి.ఇడి. పుస్తకాలలో గంభీరంగా కనిపిస్తుంది. అమెరికాలో కర్ట్ లెవిన్ 1940లలో ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. 1953లో స్టీఫెన్ కోరీ దానిని బడి గదిలోకి తెచ్చాడు. మన ప్రాంతపు గురువులకు అది అందిన దారి మాత్రం వేరు.

1980ల మధ్యలో బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కొన్ని బడులలో ప్రయోగంగా ఆరంభమైంది. 1989 నుండి 1996 వరకు అది రాష్ట్రమంతటా నడిచింది. దాని సూత్రాలు ఆరు. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం వాటిలో ఉన్నాయి. అన్నింటికన్న విలువైనది మరొకటి: చుట్టుపక్కల బడుల అయ్యవార్లు కలిసి కూర్చునే ఉపాధ్యాయ కేంద్రం. అంతకుముందు ఒంటి ఉపాధ్యాయుని బడిలో లెక్కలు చెప్పే మనిషికి తన సందేహం చెప్పుకొనే తోడెవరు?

నరసరావుపేట సమీపాన నేను తెలుగు పండితుడిగా ఉన్న ఉన్నత పాఠశాల ఆవరణలోనే అటువంటి సమావేశాలు జరిగేవి. నాకు పిలుపు లేదు. పక్కగది కనుక చెవినపడేవి. ఒకనాడు మూడవ తరగతి పంతులమ్మ ఒకరు లేచి, "మా పిల్లలు నూట ఐదును 1005 అని రాస్తున్నారు, ఎన్ని మార్లు దిద్దినా అంతే" అన్నారు. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం, "మా బడిలోనూ అంతేనమ్మా" అన్నారు.

నేను ఉండబట్టలేక లోపలికి వెళ్ళాను. మన భాషలో 'నూరు' అనే మాట 'నూట'గా మారి ఐదుతో కలుస్తుంది. పిల్లవాడు ముందు నూరు విన్నాడు, 100 రాశాడు. తరువాత ఐదు విన్నాడు, దాని పక్కనే 5 పెట్టాడు. వాడు విన్నది విన్నట్లే రాశాడు గదా అన్నాను. వ్యాకరణం లెక్కలకు పనికివచ్చిన అరుదైన రోజది!

ఆమె ఊరుకోలేదు. పదేసి పుల్లలు కట్టలు కట్టించి, పది కట్టలను ఒక మోపు చేయించారు. మోపు ఒకటి, కట్టలు లేవు, విడిపుల్లలు ఐదు. ఆ 'లేవు' అన్నచోట సున్న పెట్టించారు. ఎవరు ఏ రోజు ఎలా రాశారో ఒక నోటుపుస్తకంలో గుర్తు వేసుకొని, తరువాతి సమావేశానికి తెచ్చారు. తప్పు తగ్గింది, కాని నూట యాభై దగ్గర ఇంకొక రకం తప్పు మొదలైంది! దానిమీద ఇంకొక చర్చ. కోరీ పేరు ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు.

సామాన్యశాస్త్రానికి పల్నాడే ప్రయోగశాల. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు తెలియని పిల్లవాడు ఇక్కడ ఉండడు. సున్నపురాయి కాలితే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. సున్నపుతేటలోకి ఊదితే ఆ వాయువే దానిని పాలవలె తెల్లబరుస్తుంది. ఇంత చక్కని పాఠానికి కొనవలసింది ఒక్క గాజుగొట్టమే.

1996 తరువాత పథకాల పేర్లు మారాయి. మండల వనరుల కేంద్రాలు, పాఠశాల సముదాయాలు ఆ సమావేశాలను కొనసాగించాయి. జిల్లా విద్యా శిక్షణ సంస్థలలో చర్యాత్మక పరిశోధన పాఠ్యాంశంగానూ నిలిచింది. అయితే పిదపకాలంలో నేను చూసిన నివేదికలు కొన్నింటిలో సమస్యా ఒకటే, పరిష్కారమూ ఒకటే, బడి పేరు మాత్రం వేరు. చేతిరాతలు కూడ కలిసిన సందర్భం ఉంది. గడువులోగా సమర్పించవలసిన కాగితానికి ప్రశ్న ముందే దొరకాలి. పంతులమ్మగారి ప్రశ్న పలక మీద దొరికింది.

ఆ నోటుపుస్తకం ఏ నివేదికలోనూ చేరలేదు. ఆమె బదిలీపై వెళ్తూ దానిని తరువాత వచ్చిన అయ్యవారి చేతిలో పెట్టి, నూట యాభై ఉన్న పుట మడిచి చూపించారు.