ఊసరవెల్లికి ఎండ కొనిపెట్టిన కథ

పసిపిల్లకు నూనె రాసి, నీళ్లు పోసే ముందు కాసేపు నీరెండలో పడుకోబెట్టడం మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పక్కర్లేని పని. ఆ ఎండలో వెలుతురెంత, వేడెంత అని వాళ్లు విడదీసి చూడలేదు. సూర్యుడు రెండూ కలిపే ఇస్తాడు కాబట్టి ఆ అవసరం రాలేదు. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క వేరు. అక్కడ పెంపుడు జంతువుల దుకాణంలో ఊసరవెల్లి కూడా దొరుకుతుంది. పిల్లలు కావాలంటారు. దానికి రెండు మూడు రకాల దీపాలు కావాలని దుకాణంవాడు చెప్పగానే తల్లికి కరెంటు బిల్లు గుర్తొస్తుంది. ఏ దీపం మానేయొచ్చు, ఏది మానేయకూడదు అన్న ఆ ప్రశ్నకు జవాబు వందేళ్ల కిందట, పసిపిల్లల ఎముకల దగ్గర మొదలైంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఐరోపా నగరాల్లో పిల్లలకు తిండీ లేదు, ఎండా లేదు. ఎముకలు మెత్తబడి కాళ్లు దొడ్డికాళ్లయ్యే రికెట్స్ జబ్బు ఇంటింటా ఉండేది. బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు 1918-19 చలికాలంలో అలాంటి నలుగురు పిల్లలను పాదరసపు దీపం కింద ఉంచాడు. ఆ దీపం గొట్టం మామూలు గాజుది కాదు, క్వార్ట్జ్‌ది. మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్లో పనికొచ్చే భాగాన్ని ఆపేస్తుంది, క్వార్ట్జ్ ఆపదు. కొన్ని నెలలకు ఎక్స్‌రేల్లో ఎముకలు గట్టిపడుతున్నట్టు కనిపించింది.

అదే 1919లో హ్యారియెట్ చిక్ అనే ఇంగ్లిషు శాస్త్రవేత్త ఆకలితో అల్లాడుతున్న వియన్నాకు వెళ్లింది. ఆమెతో పనిచేసిన ఎల్సీ డాలియెల్, మార్గరెట్ హ్యూమ్, హెలెన్ మెకే అందరూ ఆడవాళ్లే. పిల్లల ఆసుపత్రిలో చంటిబిడ్డలను ఏళ్ల తరబడి జాగ్రత్తగా గమనించి, కాడ్ చేప నూనె పట్టినా, ఎండలో ఉంచినా, ఆ దీపం కింద ఉంచినా రికెట్స్ తగ్గుతుందని వాళ్లు తేల్చారు. నూనెకూ ఎండకూ ఏమిటి సంబంధం అన్న చిక్కుముడి ఆ తర్వాత విడింది. నూనెలో ఉన్నదీ, ఎండ తగిలితే చర్మంలో తయారయ్యేదీ ఒకటే, విటమిన్ డి. ఈ పరిశోధనలకు 1928లో అడాల్ఫ్ విండాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఊసరవెల్లి ఎముకల కథ కూడా ఇదే. దాని చర్మంలో ఉండే ఒకరకం కొవ్వు పదార్థం మీద యూవీ-బీ కిరణాలు పడితే విటమిన్ డి3కి ముందు రూపం తయారవుతుంది. అది అసలు డి3గా మారాలంటే వేడి కావాలి. మన ఒంట్లో వేడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ రెండో మెట్టు మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఊసరవెల్లికి సొంత వేడి లేదు, బయటి నుంచే రావాలి. అందుకని యూవీ దీపం ఒక్కటే పెట్టి వేడి దీపం మానేసినా, వేడి పెట్టి యూవీ మానేసినా పని సగంలో ఆగుతుంది. అప్పుడు కాళ్లు వంగుతాయి, దవడ మెత్తబడుతుంది, కొమ్మ పట్టుకోలేక జారిపోతుంది. బెర్లిన్ పిల్లల జబ్బే ఇది.

ఈ జీవులను పెంచేవాళ్లకు చాలాకాలం మామూలు ఫిలమెంటు బల్బే పొయ్యిలా పనికొచ్చింది. ఆ బల్బు తిన్న కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. మన గదికి అది దండగ, ఊసరవెల్లికి అదే ఎండ. 1938లో మార్కెట్లోకి వచ్చిన ఫ్లోరసెంట్ ట్యూబు రెండో సగాన్ని తీర్చింది. లోపలి పూతనూ గాజునూ మార్చి, యూవీ-బీ ఇచ్చే ట్యూబులు చేశారు. మడగాస్కర్ నుంచి చాలా రకాల ఊసరవెల్లుల ఎగుమతి 1995లో ఆగిపోయాక, ఇళ్లలోనే గుడ్లు పొదిగించి పెంచడం మరింత ముఖ్యమైంది. గుడ్లు పెట్టే ఆడదానికి కాల్షియం ఎంత అవసరమో, మోసి కన్న మనకు వేరే చెప్పాలా? దీపం సరిగా లేకపోతే ముందు దెబ్బతినేది అదే.

ఆ తర్వాత పొదుపు కాలం వచ్చింది. ఐరోపా సమాఖ్య 2009 నుంచి 2012 దాకా ఫిలమెంటు బల్బులను ఒక్కొక్క వాటేజీగా మార్కెట్ నుంచి తీసేసింది. మన దగ్గర 2015లో ఉజాలా పథకంతో ఎల్‌ఈడీలు ఇంటింటికీ వచ్చాయి. అమెరికాలో 2023లో నిబంధనలు గట్టిగా అమలయ్యాయి. మన ఇళ్లకు ఇది మంచే చేసింది. కానీ మామూలు ఎల్‌ఈడీ కింద ఊసరవెల్లిని పెట్టి "వెలుతురు బాగానే ఉందిగా" అనుకుంటే, కంటికి పగలు, ఎముకకు చీకటి. అందుకే ప్రత్యేక అవసరాల దీపాలకు అక్కడి చట్టాల్లో మినహాయింపులు ఉన్నాయి.

మరి పొదుపు ఎక్కడుంది? లెక్క వేద్దాం. పాత పద్ధతిలో 100 వాట్ల బల్బు పగలు 12 గంటలు, 100 వాట్ల సిరామిక్ హీటరు రాత్రి 12 గంటలు వెలిగితే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. ఇప్పుడు 24 వాట్ల టీ5 యూవీ ట్యూబు 12 గంటలు, 50 వాట్ల హాలోజెన్ బల్బు పొద్దున మూడు, సాయంత్రం మూడు గంటలు, బోనులో మొక్కల కోసం 20 వాట్ల ఎల్‌ఈడీ 12 గంటలు వేస్తే రోజుకు 0.83 యూనిట్లు, నెలకు పాతిక. మూడో వంతుకు దిగింది, ఏ ఒక్క దీపమూ మానేయకుండానే.

పెద్ద మిగులు రాత్రి హీటరుదే. యెమెన్ కొండల నుంచి వచ్చిన పెద్ద ఊసరవెల్లికి రాత్రి 18 డిగ్రీలకు దిగినా నష్టం లేదు. పగలంతా ఒకే వేడీ అక్కర్లేదు. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 30 డిగ్రీలుంటే చాలు, మిగతా బోను చల్లగా ఉంటేనే దానికి హాయి. టైమరు, థర్మామీటరు రెండూ బల్బుకన్నా ముందు కొనాలి.

యూవీ విషయంలో మాత్రం చవక చూడకండి. ఫ్రాన్సెస్ బెయిన్స్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు ఏళ్ల తరబడి ఈ దీపాలను కొలిచి, సహచరులతో కలిసి 2016లో ఏ జీవికి ఎంత యూవీ కావాలో పట్టిక ప్రచురించింది. పెట్టె మీద రాసిన మాట కన్నా మీటరులో పలికే అంకే నమ్మదగినది. యెమెన్ రకానికి కొమ్మ దగ్గర యూవీ సూచీ 3 ప్రాంతంలో ఉంటే సరిపోతుంది. దీపానికీ కొమ్మకూ మధ్య ఉన్న జాలీ మూడో వంతు దాకా మింగేస్తుంది. ట్యూబు ఇంకా వెలుగుతూనే ఉన్నా యూవీ తగ్గిపోతుంది కనుక మీటరు లేనివాళ్లు ఏడాదికోసారి మార్చడం మంచిది. అలాగని దగ్గరగా పెట్టేసి ఎక్కువ ఇవ్వడమూ తప్పే, కళ్లు దెబ్బతింటాయి.

జీవికి తనకెంత కావాలో తెలుసన్నది ఈ కథలో నాకు బాగా నచ్చిన సంగతి. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, తిండిలో డి3 తక్కువగా అందిన పాంథర్ ఊసరవెల్లులు యూవీ కిందికి ఎక్కువ వెళ్లాయి, ఎక్కువ అందినవి తక్కువ వెళ్లాయి. కాబట్టి బోనులో ఎండా ఉండాలి, ఆకుల నీడా ఉండాలి. ఎటు పోవాలో అది చూసుకుంటుంది.

మన ఊళ్లలో కంచె మీద కనిపించే ఊసరవెల్లిని పిల్లలు డబ్బాలో పెట్టి తెస్తే మాత్రం వెంటనే వెనక్కి పంపండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పెంచడం నేరం. పైగా దానికి కావలసిన దీపం రోజూ తూర్పున ఉచితంగా వెలుగుతూనే ఉంది.