షరతులు రాస్తే చాలునా?

డిక్లరేటివ్ ప్రోగ్రామింగ్‌లో లెక్క ఎలా చేయాలో వరసగా చెప్పనక్కర్లేదు. జవాబు ఏ షరతులకు లోబడాలో రాస్తే, వెతుకులాట యంత్రం చూసుకుంటుంది. రేవులో కంటైనర్లు పేర్చడం, సిబ్బందికి డ్యూటీలు వేయడం వంటి పనులకు ఈ పద్ధతిని అక్కరకు తెచ్చిన పరిశోధనలో పీహెచ్‌డీ థీసిస్‌ల పాత్ర పెద్దది.

1963లో ఎంఐటీకి ఐవాన్ సదర్లాండ్ సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ థీసిస్‌లో ఈ ఆలోచన బొమ్మల్లో కనిపిస్తుంది. రెండు గీతలు సమాంతరంగా ఉండాలంటే యంత్రమే వాటిని సర్దేది. పరిశ్రమల లెక్కల దగ్గరికి దాన్ని తెచ్చింది పారిస్‌లో జాన్ లూయీ లోరియేర్. 1976 నాటి ఆయన థీసిస్‌లోని ఆలిస్ అనే వ్యవస్థ, గణిత సంకేతాల్లో రాసిన సమస్యను తీసుకొని తానే పరిష్కరించేది. అయితే దాని తెలివంతా లోపలే బిగిసి ఉండేది. కొత్త సమస్యకు తగ్గట్టు మార్చుకోవడానికి వాడేవారికి వీలుండేది కాదు.

అంతకుముందే, 1972లో, మార్సేయిలో అలెన్ కోల్మెరోర్ బృందం ప్రోలాగ్ భాషను తయారుచేసింది. తర్కంలో రాయడానికి అది హాయిగా ఉన్నా, దాని వెతుకులాట మొరటుది. ‘సెండ్’కి ‘మోర్’ కలిపితే ‘మనీ’ రావాలనే పాత ఇంగ్లిష్ పజిల్‌లో ఎనిమిది వేర్వేరు అక్షరాలుంటాయి, ఒక్కోదానికి వేరే అంకె ఇవ్వాలి. అలా పంచే విధాలు 18,14,400. ప్రోలాగ్‌లో తిన్నగా రాస్తే అంకెలన్నీ పంచేశాకే కూడిక సరిపోయిందో లేదో చూస్తుంది.

1987లో బెల్జియంలోని నామూర్ విశ్వవిద్యాలయానికి పాస్కల్ వాన్ హెంటెన్‌రిక్ సమర్పించిన థీసిస్ ఈ క్రమాన్ని తిరగేసింది. ఆయన మ్యూనిక్‌లోని ఈసీఆర్‌సీ పరిశోధన కేంద్రంలో ప్రోలాగ్ మీద కట్టిన చిప్ భాషను రూపొందించిన బృందంలో ఒకరు. చిప్‌లో ప్రతి చలరాశికి సాధ్యమైన విలువల జాబితా ఉంటుంది. ఊహించడానికి ముందే షరతులు ఆ జాబితాను కత్తిరిస్తాయి. రెండు నాలుగంకెల సంఖ్యలు కలిసి ఐదంకెల సంఖ్య అయ్యింది కాబట్టి, ‘ఎమ్’ 1 కాక తప్పదు. దాంతో ‘ఎస్’ 9, ‘ఓ’ 0 అని తేలిపోతాయి. ‘ఇ’కి 4 నుంచి 7 వరకే మిగులుతాయి. అప్పుడు మొదలవుతుంది ఊహ. ఖర్చు లెక్క ఉన్న సమస్యల్లో అన్నిటికన్నా చవకైన జవాబు కావాలంటే, ఒక జవాబు దొరకగానే తర్వాతిది దానికన్నా చవకగా ఉండాలనే షరతును యంత్రమే చేర్చుకుంటుంది. ఆ కేంద్రాన్ని పెట్టింది బుల్, ఐసీఎల్, సీమెన్స్ కంపెనీలు కావడంతో పని పుస్తకాల్లో మిగిలిపోలేదు. హాంకాంగ్ కంటైనర్ రేవు ప్రణాళికకు ఐసీఎల్ చిప్‌ను వాడింది.

తర్వాతి కథ కొంత విడ్డూరం. షరతుల పద్ధతి గెలిచింది, దాన్ని పెంచిన తర్కభాష మాత్రం పక్కకు జరిగింది. కంపెనీల ప్రోగ్రామర్లలో చాలామంది ప్రోలాగ్ నేర్చుకోలేదు. ఫ్రాన్స్‌కు చెందిన ఐలాగ్ అదే పద్ధతిని సీ++ లైబ్రరీగా అమ్మింది. 1994లో జాన్ చార్లెస్ రెజిన్ ‘అన్నీ వేర్వేరు’ అనే ఒక్క షరతుకు గ్రాఫ్ మ్యాచింగ్ సిద్ధాంతాన్ని జోడించాడు. మూడు పరీక్షలకు రెండే పూటలుంటే, జతజతగా చూసే యంత్రానికి తప్పు కనబడదు. మూడింటినీ కలిపి చూస్తేనే అది అసాధ్యమని వెంటనే తెలుస్తుంది. ‘ఎలా’ అనే భారం మాయమైందనుకోవడం పొరపాటు. ప్రోగ్రామర్ నెత్తి మీది నుంచి అది వ్యవస్థను కట్టేవారి నెత్తికెక్కింది.

తర్కభాషల వైపు మరో పాయ 1988లో మైఖేల్ గెల్ఫాండ్, వ్లదిమీర్ లిఫ్‌షిట్జ్ రాసిన వ్యాసంతో మొదలైంది. తర్వాత దానికి ఆన్సర్ సెట్ ప్రోగ్రామింగ్ అని పేరు పడింది. హెల్సింకి టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ సిమోన్స్ 2000 నాటి థీసిస్ దానికి అంశాలకు బరువులిచ్చి వాటి మొత్తాన్ని పరిమితం చేసే షరతులను, కనిష్ఠాన్ని వెతికే సౌకర్యాన్ని సమకూర్చింది. టెక్సాస్‌లో గెల్ఫాండ్ బృందం దీనితోనే, స్పేస్ షటిల్ దిశను సరిచేసే ఇంజన్ల వ్యవస్థలో లోపాలు తలెత్తితే ఏం చేయాలో సూచించే సాధనాన్ని నిర్మించింది.

2007లో మెల్‌బోర్న్ పరిశోధకులు తెచ్చిన మినీజింక్‌తో సమస్య షరతులను ఒకే నమూనాగా రాసి, వేర్వేరు సాల్వర్లకు, అంటే జవాబు వెతికే సాఫ్ట్‌వేర్‌లకు, ఇవ్వడం వీలైంది. అయినా ఒకే సమస్యను రెండు రకాలుగా రాస్తే, ఒకటి క్షణాల్లో తేలవచ్చు, రెండోది రోజులు నడిచినా తేలకపోవచ్చు. అందుకే నమూనా రాయడాన్ని కూడా యంత్రానికి అప్పగించే ప్రయత్నం మొదలైంది. యార్క్, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాల్లో పెరిగిన ఎసెన్స్ భాషలో సమస్యను సమితులు, ప్రమేయాల స్థాయిలో రాస్తే, కాంజ్యూర్ అనే సాధనం దాన్ని సాల్వర్‌కు అందే నమూనాగా దించుతుంది.