విశ్వేశ్వర శివాచార్యుల ప్రస్థానం: మల్కాపురం శాసనసాక్ష్యం

గౌడదేశంలోని దక్షిణరాఢకు చెందిన విశ్వేశ్వర శివాచార్యులు గోళకీమఠ పరంపరలో ఆంధ్రదేశానికి వచ్చి, కాకతీయ గణపతిదేవునికి దీక్షాగురువయ్యారు. గణపతిదేవుడు వాగ్దానం చేసిన మందడ గ్రామాన్ని రుద్రమదేవి వెలగపూడితో కలిపి ఆయనకు దానమిచ్చినట్లు మల్కాపురం శాసనం (శ.సం. 1183, క్రీ.శ. 1261) తెలుపుతున్నది.

శివాచార్యులు ఆ ఆదాయాన్ని మూడు భాగాలు చేశారు. మొదటిది శివాలయానికి, రెండవది విద్యార్థులకు, శుద్ధశైవ మఠానికి, మూడవది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రాలకు కేటాయించారు. బ్రాహ్మణులు మొదలు చండాలుర వరకు అందరికీ అన్నం పెట్టాలని నియమించారు.

శ్రీశైలం, ఏలేశ్వరం ప్రాంతాల్లోనూ ఆయన ప్రతిష్ఠలను ఈ శాసనమే పేర్కొంటున్నది. ఆ స్థలాలను వరుసగా పరిశీలిస్తే, రాజగురువు సంచరించిన దారి వెంట రాజాదాయం వైద్యానికి, విద్యకు, అన్నదానానికి చేరిన తీరు స్పష్టమవుతుంది. కాకతీయుల శైవాన్ని మతచరిత్రగానే చదివితే ఈ సంస్థాగత పార్శ్వం మరుగున పడుతుంది.