మహిళల స్కీల ఎంపిక: చదును వాలుకు, మిశ్రమ మంచుకు

బెంగళూరుకు దక్షిణాన, ఆనేకల్ తాలూకాలోని జిగణిలో మంచు కురవదు. ఈ పారిశ్రామికవాడలో ఉద్యోగం చేసే తెలుగు మహిళ స్కీయింగ్ నేర్చుకోదలిస్తే కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో, హిమాచల్‌లోని సోలంగ్ నాలాకో ప్రయాణం కట్టవలసిందే. దొరికే సెలవు వారం, మహా అయితే రెండు వారాలు. తగని స్కీలతో ఒక రోజు పోతే ఆ రోజు పోయినట్లే. అంతకన్నా పెద్ద చిక్కు మోకాలిది. వినోదం కోసం స్కీయింగ్ చేసేవారిలో మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగే ప్రమాదం పురుషులకన్నా స్త్రీలకు ఎక్కువని క్రీడావైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు.

‘మహిళల స్కీ’ అనగా ఏమిటి? సాధారణంగా దాని లోపలి చెక్క తేలికగా ఉంటుంది, వంపు మెత్తగా ఉంటుంది, పొట్టి సైజులు లభిస్తాయి. బూటును పట్టి ఉంచే బైండింగ్‌ను కొన్ని నమూనాలలో కాస్త ముందుకు బిగిస్తారు. స్త్రీల శరీరభారం వెనుకకు మొగ్గుతుంది కనుక బైండింగ్ ముందుకు జరగాలని అమెరికాకు చెందిన జీనీ థోరెన్ ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. అయితే పురుషుల స్కీకే రంగు మార్చి, పువ్వులు వేసి అమ్మిన కాలమూ లేకపోలేదు. కాబట్టి పేరును కాక బరువును, నైపుణ్యాన్ని చూడాలి. బలంగా, వేగంగా దిగే స్త్రీకి మెత్తని స్కీ అదురుతుంది. బరువు తక్కువగా ఉన్న కొత్తవారికి గట్టి స్కీ వంగదు, తిరగదు.

తరువాత చూడవలసినది నడుము వెడల్పు, అంటే బూటు కింద స్కీ ఎంత వెడల్పో ఆ కొలత. యంత్రంతో చదును చేసిన వాలుపై 70 నుంచి 80 మిల్లీమీటర్ల స్కీ ఒక అంచు మీదినుంచి మరో అంచుకు చురుకుగా మారుతుంది. ఉదయం గట్టిగా, మధ్యాహ్నం ముద్దగా, మధ్యలో కొత్త మంచుతో ఉండే మిశ్రమ స్థితికి 80 నుంచి 90 వరకు మేలు. ఒకే జత కొనేవారికి 80–85 ప్రాంతం మంచి రాజీ. 95 దాటినవి లోతైన పొడి మంచు కోసం చేసినవి. గుల్‌మర్గ్ గొండోలా రెండవ దశ చేర్చే అఫర్వత్ వాలులు అటువంటివే. అవి కొత్తవారి చోటు కాదు. 2023 ఫిబ్రవరిలో అక్కడ హిమపాతంలో చిక్కుకొని ఇద్దరు పోలండ్ దేశీయులు మరణించారు. వెడల్పు స్కీ హిమపాతాన్ని ఆపదు.

పొడవు విషయంలో పాత లెక్క చెల్లదు. ఒకప్పుడు చేయి పైకెత్తి మణికట్టు వరకు కొలిచేవారు. స్లొవేనియా కంపెనీ ఎలాన్ 1990ల మొదట్లో నడుము సన్నని ఎస్‌సీఎక్స్ నమూనాను తెచ్చాక స్కీలు పొట్టివయ్యాయి. ఇప్పుడు గడ్డం నుంచి ముక్కు మధ్య కొలత చాలు: 160 సెంటీమీటర్ల ఎత్తు, 55 కిలోల బరువున్న స్త్రీ 145–152 సెంటీమీటర్ల స్కీతో మొదలుపెట్టవచ్చు. నడుము కింద కొద్దిగా పైకి లేచిన వంపును క్యాంబర్ అంటారు. అది గట్టి మంచుపై అంచుకు పట్టునిస్తుంది. ముందు కొన పైకి తేలి ఉండే రాకర్ ముద్ద మంచులో కొన కూరుకుపోకుండా కాపాడుతుంది. మిశ్రమ మంచుకు రెండూ కలిసినది కావాలి.

స్కీకన్నా ముందు బూటు. అది వదులైతే ఎంత ఖరీదైన స్కీ అయినా మాట వినదు. బైండింగ్ ఎంత బలానికి విడిపోవాలో తెలిపే డిన్ అంకెను బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి నిర్ణయిస్తారు. అద్దెకిచ్చేవారు ఇవి అడగకపోతే తీసుకునేవారే చెప్పాలి. మొహమాటంతో బరువు తగ్గించి చెబితే బైండింగ్ అకారణంగా ఊడుతుంది. నైపుణ్యం పెంచి చెబితే ఊడవలసినప్పుడు ఊడదు. బూటు అడుగు రకం బైండింగ్‌కు సరిపోవడం కూడా తప్పనిసరి. ఇంత చేసినా, బైండింగ్‌లు ప్రధానంగా కాలి ఎముకను కాపాడటానికి రూపొందినవి. ఏసీఎల్‌కు వాటి రక్షణ అంతంతమాత్రం. వెనుకకు పడిపోతూ లేవబోవడం ఆ లిగమెంటుకు అత్యంత హానికరం.

పాత స్కీలు కొనేవారు మరొకటి గమనించాలి. కర్ణాటకలోని కొడగుకు చెందిన భవానీ తెక్కడ నంజుండ వంటివారు పోటీపడే క్రాస్‌కంట్రీ స్కీలు సన్నగా ఉంటాయి, మడమ పైకి లేస్తుంది. చవకగా దొరికాయని వాటిని వాలు దిగడానికి వాడరాదు.

మొదటి రెండు పర్యాయాలు అద్దెకు తీసుకోవడమే లాభం. సొంతంగా కొనదలిస్తే ముందు బూటు కొనడం మంచిది. స్కీలు కొన్నవారు జిగణికి తెచ్చాక ఉక్కు అంచులను పొడి గుడ్డతో తుడిచి, అడుగున మైనం పూసి గీకకుండా వదలాలి. వానాకాలపు తేమలో అంచులు త్వరగా తుప్పుపడతాయి.