నటనా పద్ధతులు: ఏలూరు, కొల్లేరు ప్రాంత చరిత్ర

పద్యనాటకపు రాగం నుంచి సినిమా మాటలోకి తెలుగు నటన దిగివచ్చిన చరిత్రలో ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలకు చెందినవారి పాలు పెద్దది.

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పింది. కూచిపూడి మేళాలు, వీధి భాగవతాలు, తోలుబొమ్మలాటలు శతాబ్దాల పాటు దాన్ని పల్లెలకు చేరవేశాయి.

పద్యనాటక యుగం

ఆధునిక తెలుగు రంగస్థలానికి 1880 మొదలు. ధార్వాడ నాటక సమాజం ప్రదర్శనలు చూసిన ఊపు మీద ఊరూరా సమాజాలు వెలిశాయి. ఆ తర్వాత పశ్చిమ గోదావరి యెండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రితో జంటగా రాసిన పాండవ నాటకాలు ఆంధ్రదేశాన్ని ఊపేశాయి. మైకులు లేని కాలం. నటుడికి గొంతే పెట్టుబడి. మాట పూర్తికాగానే నటుడు నాలుగడుగులు ముందుకొచ్చి, హార్మోనియం శ్రుతి అందుకుని పద్యం ఎత్తుకునేవాడు. చివరి పాదంలో రాగం ఎంత సాగితే అన్ని వన్స్‌మోర్‌లు. చచ్చి పడిన పాత్ర లేచి మళ్లీ పాడి, మళ్లీ చచ్చిన కథలు ఈ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ధోరణికి ఎదురు నిలిచిన ప్రముఖుడు బళ్లారి రాఘవ (1880–1946). పద్యం కన్నా భావం ముఖ్యమని, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని ఆయన వాదం. అదే కాలంలో స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ వేషంలో పురుషుడన్న సంగతి మరిపించి, ఆ వాదానికి ఘనమైన మినహాయింపుగా నిలిచారు.

బందా కనకలింగేశ్వరరావు

1907 జనవరి 20న కొల్లేటి ఒడ్డున, నేడు పక్షుల కేంద్రంగా పేరొందిన ఆటపాకలో బందా పుట్టారు. వృత్తి ఏలూరులో న్యాయవాదం, ప్రవృత్తి నాటకం. ‘చిత్రనళీయం’లో ఆయన బాహుకుడు పేరుపొందిన వేషం. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’ చిత్రంలో రాఘవ దుర్యోధనుడు కాగా, బందా కృష్ణుడు. అదే ఏడు పోటీగా వచ్చిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ ముందు ఆ చిత్రం నిలవలేదు. ప్రేక్షకులింకా పద్యాల కోసమే టిక్కెట్టు కొనే రోజులవి. 1938లో ఏలూరులో ఆయన ప్రభాత్ థియేటర్ స్థాపించారు. తర్వాత కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రానికి ప్రిన్సిపాల్‌గా ఉండి, పాత అభినయ సంప్రదాయాన్ని పాఠ్యక్రమంలోకి తెచ్చినవారిలో ఒకరయ్యారు. 1968 డిసెంబరు 3న మరణించారు.

కెమెరా ముందు

ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1908 జనవరి 17న పుట్టిన ఎల్.వి.ప్రసాద్ బొంబాయి వెళ్లి, ‘ఆలం ఆరా’ (1931), ‘కాళిదాస్’ (1931), ‘భక్తప్రహ్లాద’ (1932) మూడింటిలోనూ నటించారు. హిందీ, తమిళ, తెలుగు తొలి టాకీలు మూడింటిలో కనిపించిన అరుదైన గౌరవం ఆయనది. పృథ్వీ థియేటర్స్‌లోనూ పనిచేశారు. దర్శకుడయ్యాక, ప్రతి పాత్రనూ తానే నటించి చూపేవారు. ‘మనదేశం’ (1949)లో ఇన్‌స్పెక్టరు వేషం వేసిన కొత్త నటుడు ఎన్.టి.రామారావు లాఠీచార్జి దృశ్యంలో ఎదుటివాళ్లను నిజంగానే బాదేస్తే, ఇది నటన మాత్రమేనని ప్రసాద్ సర్దిచెప్పారని ప్రతీతి. కెమెరాకు దెబ్బ తగలనక్కర్లేదు, తగిలినట్టు కనిపిస్తే చాలు. రంగస్థలం నుంచి వచ్చినవారికి ఆయన నేర్పింది స్థూలంగా ఇదే. ‘షావుకారు’ (1950), ‘పెళ్లిచేసి చూడు’ (1952), ‘మిస్సమ్మ’ (1955) చిత్రాల్లోని సంభాషణలు ఇంటి వసారాలో మాట్లాడుకున్నంత సహజం.

‘షావుకారు’లో సున్నం రంగడుగా గుర్తింపు పొందిన ఎస్.వి.రంగారావు (1918–1974) నూజివీడువారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లోను, షేక్‌స్పియర్ పాత్రలతోను సానపట్టిన గొంతును ఆయన సినిమాకు తగ్గట్టు కుదించి వాడారు. ‘నర్తనశాల’ (1963)లో కీచకుడి పాత్ర జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి తెచ్చింది. ఆయన శైలి ఎంత ప్రత్యేకమో తెలియాలంటే ‘మాయాబజార్’ (1957)లో సావిత్రిని చూడాలి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె రంగారావు నడకను, కనుబొమల విరుపును, ఠీవిని పుణికిపుచ్చుకుంది. ఒక నటుడి పద్ధతిని మరొక నటి ధరించిన ఇంతటి ఉదాహరణ తెలుగులో మరొకటి లేదు.

హ్యాపీ క్లబ్‌లోనే బాల్యంలో స్త్రీ వేషం వేసి, 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరకెక్కిన రేలంగి వెంకట్రామయ్య తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డారు. మాట మధ్య విరామంతో, మొహంలో తొట్రుపాటుతో నవ్వించడం ఆయన విద్య. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. గూడెంలో రేలంగి చిత్రమందిర్ అనే సినిమా హాలు కట్టించారు. 1975లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు.

తరువాతి కాలం

1970ల నాటికి శిక్షణ సంస్థలు వచ్చాయి. మొగల్తూరులో పుట్టిన చిరంజీవి మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకున్నారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో బందా పుట్టిన ఆటపాక, ప్రసాద్ పుట్టిన సోమవరప్పాడు, రంగారావు పుట్టిన నూజివీడు మూడూ ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది.