మూడు గంటల చాయ్

కొడుకో బిడ్డో లండన్‌లో కొలువు చేస్తున్న పెద్దపల్లి, కరీంనగర్ కుటుంబాలు అక్కడికి పోయినప్పుడు చూసి రావలసిన వాటిలో వంతెనలు, మ్యూజియాలతో పాటు ఇప్పుడు ‘ఆఫ్టర్‌నూన్ టీ’ కూడా చేరింది. ముందే టేబుల్ చెప్పుకోవాలి. మూడంతస్తుల పళ్లెం వస్తుంది: కింద అంచులు కోసేసిన కీరదోస శాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్లనే చిన్న బన్నులు, పైన కేకు ముక్కలు. కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. స్కోన్ మీద ముందు మీగడ రాయాలని డెవన్ వాళ్లు, కాదు ముందు జామేనని కార్న్‌వాల్ వాళ్లు ఇప్పటికీ పంతం పడతారు. డికాక్షన్ వేరు, పాలు వేరు. పాలల్లో మరిగిన చాయ్‌కి అలవాటుపడ్డ మనిషి ఒక గుక్క తాగి ముఖం చిట్లిస్తే తప్పు పట్టలేం.

ఇంగ్లండులో టీ మొదట డబ్బున్న ఇళ్ల సరుకు. 1662లో రెండో చార్లెస్‌ను పెళ్లాడి వచ్చిన పోర్చుగీసు రాకుమారి కేథరిన్ దాన్ని దర్బారులో ఫ్యాషన్ చేసింది. పన్ను బరువుకు దొంగ సరుకు పెరిగిపోతే 1784లో ప్రభుత్వం 119 శాతం సుంకాన్ని 12.5 శాతానికి దించింది. అప్పటి నుంచి టీ సామాన్యుల ఇళ్లకూ చేరింది. కానీ దానికి మధ్యాహ్నం వేళ అంటూ ఇంకా ఏర్పడలేదు.

దీపాలు మెరుగుపడి, దొరల ఇళ్లలో రాత్రి భోజనం ఎనిమిదింటి దాకా వెనక్కి జరిగాక ఆ వేళ పుట్టింది. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మారియా నాలుగింటికి కడుపులో నకనకలాడుతుంటే టీ, రొట్టె, వెన్న తెప్పించుకుందనీ, తర్వాత స్నేహితురాళ్లనూ పిలిచిందనీ చెబుతారు. ఆమె ఒక్కతే కనిపెట్టిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. భోజనం ఆలస్యమైన ప్రతి ఇంట్లోనూ ఆ ఆకలి ఉండే ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1839 జనవరిలో, అస్సాం తేయాకు ఎనిమిది పెట్టెలు లండన్‌లో మొదటిసారి వేలానికి వచ్చాయి. తర్వాత 1864లో ఏబీసీ, 1894లో లయన్స్ అనే కంపెనీలు అక్కడ టీ షాపులు తెరిచాయి. మగతోడు లేకుండా ఆడవాళ్లు బయట కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోగలిగింది అక్కడే. డచెస్ గారి కథ కన్నా నాకు ఇదే పెద్ద విషయంగా తోస్తుంది.

మిల్లుల్లో, గనుల్లో పనిచేసే వాళ్లకు నాలుగింటికి తీరికెక్కడిది? వాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, చిక్కటి టీతో రొట్టె, మాంసం, జున్ను కడుపునిండా తినేవాళ్లు. హై టీ అంటే అదీ. మన దగ్గర మీటింగుల ఆహ్వాన పత్రాల మీద గొప్పగా అచ్చువేసే ‘హై టీ’ నిజానికి కూలిజనం రాత్రి తిండి.

మన వైపు ఆ కాలంలో ఎండపూట దాహానికి అంబలి, సల్ల, పొద్దుగూకితే కల్లు. దేశంలో పండిన తేయాకు ఎక్కువగా ఓడలెక్కేది. 1903లో టీ సెస్సు చట్టం వచ్చి, ఆ డబ్బుతో ఇక్కడి జనానికీ అలవాటు చేసే ప్రచారం మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మిల్లుల్లో, బొగ్గు గనుల్లో టీ దుకాణాలు పెట్టించారు. పెద్ద రైల్వే జంక్షన్లలో అమ్మేవాళ్లకు కెటిళ్లు, కప్పులు ఇచ్చారు. ఇంగ్లీషు పద్ధతిలో కాయడం నేర్పితే మనవాళ్లు పాలు, చక్కెర దండిగా పోసి మసాలా వేశారు. మసాలా పడితే ఆకు తక్కువ ఖర్చవుతుందని ప్రచారకులకు కోపం! హైదరాబాదులో ఇరానీ హోటళ్లు డికాక్షన్ ఒకవైపు, చిక్కబెట్టిన పాలు ఒకవైపు పెట్టి మరో రుచి తయారుచేశాయి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక పెద్దపల్లి మద్రాసు–ఢిల్లీ దారిలో పడి, ఆ స్టేషన్ చాయ్‌కి మా వైపూ దారి ఏర్పడింది. 1930ల్లో అస్సాంలో వచ్చిన సీటీసీ యంత్రం ఆకును నలిపి గుళికలుగా చేసింది. కొంచెం పత్తాతో ఎక్కువ కప్పులు, చిక్కటి రంగు. బండి మీద చాయ్ గిట్టుబాటు కావడానికి అదే పెద్ద కారణం.

అయితే మా పెద్దపల్లి జిల్లాలో చాయ్‌కి వేళ పెట్టింది సింగరేణి. బొగ్గు బాయిల్లో మూడు షిఫ్టులు: పొద్దున ఏడు, పగలు మూడు, రాత్రి పదకొండు. రామగుండంలో 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగాక షిఫ్టు కొలువుల వాళ్లు ఇంకా పెరిగారు. గోదావరిఖనిలో మూడు కొట్టేసరికి ఫస్ట్ షిఫ్టు వాళ్లు బాయి నుంచి పైకొస్తారు, సెకండ్ షిఫ్టు వాళ్లు దిగడానికి వస్తారు. బండి దగ్గర గిన్నెలో అల్లం దంచి వేసిన చాయ్ పొంగి దిగి, మళ్లీ పొంగుతుంది. పైకొచ్చినాయనకు ఖడక్ కావాలి, దిగేవాడికి వన్ బై టూ చాలు. పక్కన మిర్చీల మూకుడు. ఇదీ మా ఆఫ్టర్‌నూన్ టీ. కాకపోతే నిలబడి తాగేది.

గల్ఫ్‌కు పోయిన మనవాళ్లకు దుబాయ్‌లో ఇదే కరక్ చాయ్‌గా ఎదురైంది. కుటుంబాన్ని విజిట్ వీసా మీద తీసుకుపోయినవాళ్లు సాయంత్రం రోడ్డు పక్కన కారు ఆపి పిల్లలకు ఇప్పించేదీ అదే.

లండన్‌లోనూ ఇలాంటి చాయ్ దొరుకుతుంది, మూడంతస్తుల పళ్లెం దగ్గర మాత్రం కాదు. మేస్త్రీలు, కూలీలు కూర్చునే చిన్న కెఫేలోకి పోయి ‘బిల్డర్స్ టీ’ అనాలి. ముదురు రంగు డికాక్షన్‌లో పాలు, అడిగినంత చక్కెర వేసి పెద్ద మగ్గుతో ఇస్తారు. అల్లం మాత్రం ఉండదు.